కమ్యూనిటీ కాలేజీ గడప: బాలమేధావికి ఒక లెక్క, విదేశీ విద్యార్థికి ఇంకో లెక్క

అమెరికాలో పదకొండేళ్ల పిల్లవాడు డిగ్రీ పుచ్చుకున్నాడన్న వార్త రెండు మూడేళ్లకోసారైనా మన పేపర్లలో కనిపిస్తుంది. నల్ల గౌను, తలమీద చదరపు టోపీ, పక్కన మురిసిపోతున్న అమ్మానాన్నలు. వార్త చివరిదాకా చదివితే గానీ కాలేజీ పేరు తగలదు. అది హార్వర్డూ స్టాన్‌ఫర్డూ అయి ఉండదు, ఆ కుటుంబం ఉండే ఊళ్లోని కమ్యూనిటీ కాలేజీ అయి ఉంటుంది. 2009లో మోషే కై కవాలిన్ పదకొండేళ్లకు పట్టా అందుకున్నది ఈస్ట్ లాస్ ఏంజెలిస్ కాలేజీలో. 2015లో మలయాళీ కుటుంబానికి చెందిన తనిష్క్ అబ్రహామ్ అదే వయసులో మూడు అసోసియేట్ (రెండేళ్ల) డిగ్రీలు తీసుకున్నది శాక్రమెంటోలోని అమెరికన్ రివర్ కాలేజీలో. 2020లో జాక్ రికో పదమూడేళ్లకు నాలుగు డిగ్రీలు, 2023లో క్లోవిస్ హంగ్ పన్నెండేళ్లకు ఐదు డిగ్రీలు పుచ్చుకున్నారు. ఇద్దరిదీ ఫుల్లర్టన్ కాలేజీయే. ఈ కాలేజీలన్నీ కాలిఫోర్నియాలోనివే.

ఇదే కమ్యూనిటీ కాలేజీ మాట మన దగ్గర మరో సందర్భంలో వినిపిస్తుంది. ఇంటర్ అయిపోయింది, ఈఏపీసెట్ ర్యాంకు అనుకున్నంత రాలేదు. అమ్మానాన్నలు కొడుకునో కూతురినో వెంటబెట్టుకుని కన్సల్టెన్సీకి వెళతారు. అక్కడ చెప్పేది ఇది: శాట్ అక్కర్లేదు, ఫీజు తక్కువ, రెండేళ్లయ్యాక పెద్ద యూనివర్సిటీకి మారిపోవచ్చు.

ఈ రెండు కథలూ చాలామంది తల్లిదండ్రుల మనసులో ఒకటిగా కలిసిపోయాయి. ‘మావాడు చురుకైనవాడు, చిన్నప్పుడే అక్కడి కాలేజీలో వేస్తే ఇరవై ఏళ్లు రాకముందే చదువు పూర్తవుతుందట కదా’ అని అడిగేవాళ్లున్నారు. అక్కడ పుట్టి పెరిగిన బాలమేధావి కాలేజీ మెట్లెక్కే దారి వేరు. ఇక్కడి నుంచి వీసా మీద వెళ్లే విద్యార్థి దారి వేరు. చట్టాలు వేరు, ఖర్చులు వేరు, అడిగే ప్రశ్నలు కూడా వేరు. రెంటినీ విడదీసి చూస్తే తప్ప ఎవరికి ఏది పనికొస్తుందో తేలదు.

అందరికీ తెరిచిన తలుపు

1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్ పట్టణంలో ఆరుగురు విద్యార్థులతో ఒక కాలేజీ మొదలైంది. షికాగో యూనివర్సిటీ అధ్యక్షుడు విలియం రైనీ హార్పర్, జోలియెట్ హైస్కూలు పెద్ద జె. స్టాన్లీ బ్రౌన్ కలిసి వేసిన పథకం అది. డిగ్రీలో మొదటి రెండేళ్ల చదువు పిల్లలకు సొంత ఊళ్లోనే దొరకాలన్నది వాళ్ల ఉద్దేశం. రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల చదువు కోసం ఆలోచిస్తూ, అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘం ఈ తరహా కాలేజీలు దేశమంతటా రావాలని 1947లో చెప్పింది. కమ్యూనిటీ కాలేజీ అన్న పేరు జనం నోట నానింది అప్పటినుంచే.

1960లో కాలిఫోర్నియా తన ఉన్నత విద్యను మూడు అంతస్తులుగా విడగొట్టింది. హైస్కూలు పూర్తిచేసినవాళ్లలో పైనున్న ఎనిమిదో వంతు మంది యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు, పైనున్న మూడో వంతు మంది స్టేట్ యూనివర్సిటీలకు అర్హులు. మిగతా అందరికీ, చదువు వల్ల ప్రయోజనం పొందగల ప్రతి ఒక్కరికీ కమ్యూనిటీ కాలేజీ. ఇవాళ ఆ రాష్ట్రంలో 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి. దేశంలో ఇంత పెద్ద వ్యవస్థ మరోటి లేదు.

ఈ చరిత్రలో గుర్తుంచుకోవాల్సింది ఒకటే. ఈ కాలేజీలు ప్రతిభను జల్లెడ పట్టడానికి పుట్టినవి కావు. ర్యాంకు అడగవు, శాట్ అడగవు. పద్దెనిమిదేళ్లు నిండినా, హైస్కూలు పట్టా ఉన్నా చేర్చుకుంటాయి. పగలు పనిచేసి సాయంత్రం క్లాసుకొచ్చే మెకానిక్కు, పిల్లలు పెద్దయ్యాక మళ్లీ పుస్తకం పట్టిన తల్లి, నర్సింగు చదివే కుర్రాడు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఆ బెంచీ మీదికి పన్నెండేళ్ల పిల్ల ఎలా వచ్చింది, పద్దెనిమిదేళ్ల తెలుగు కుర్రాడు ఎలా వచ్చాడు అన్నవి రెండూ ఈ వ్యవస్థకు మినహాయింపులే.

చిన్నపిల్లలు చేరేదెలా

కాలిఫోర్నియా విద్యాచట్టంలోని 48800, 76001 సెక్షన్లు స్కూలు పిల్లలను కమ్యూనిటీ కాలేజీలో ‘స్పెషల్’ విద్యార్థులుగా చేర్చుకోవడానికి వీలు కల్పిస్తాయి. పైచదువుకు తగిన తెలివితేటలున్న విద్యార్థికి స్కూల్లో దొరకని పాఠం కాలేజీలో దొరకాలన్నది దాని సారం. అసాధారణ ప్రతిభావంతులుగా గుర్తించిన పిల్లల దరఖాస్తును కాలేజీ బోర్డు తిరస్కరిస్తే 60 రోజుల్లోగా కారణాలు రాతపూర్వకంగా చెప్పాలని కూడా ఆ చట్టంలో ఉంది. మేధావి పిల్లల గురించి చట్టం ఇంత నేరుగా మాట్లాడటం అరుదు. పేపర్లో పడే పేర్లు కాలిఫోర్నియా నుంచే ఎక్కువగా రావడానికి ఇదొక కారణం కావచ్చు.

కాగితం మీద పని చిన్నదే. ఒక ఫారం ఉంటుంది. అందులో తల్లి లేదా తండ్రి సంతకం, స్కూలు ప్రిన్సిపాల్ సంతకం, తీసుకోబోయే కోర్సుల పేర్లు. పిల్లలు మరీ చిన్నవాళ్లయితే చాలా కాలేజీలు కౌన్సెలరు ఇంటర్వ్యూ, పాఠం చెప్పే అధ్యాపకుడి అంగీకారం కూడా అడుగుతాయి. తల్లిదండ్రులు తప్పకుండా చదవాల్సిన మాట ఆ ఫారం కింద ఉంటుంది: ఇది పెద్దల చదువు, పిల్లలున్నారని పాఠ్యాంశాలు మార్చరు, క్లాసు బయట పిల్లల బాధ్యత కాలేజీది కాదు. సోషియాలజీ క్లాసులో నేరాల గురించి, సాహిత్యం క్లాసులో స్త్రీపురుష సంబంధాల గురించి చర్చ జరిగితే పదేళ్ల పిల్ల కూడా వినాల్సిందే. తల్లి పక్కన కూర్చుంటానంటే కుదరదు, ఆమె కూడా ఫీజు కట్టి ఆ కోర్సులో చేరితే తప్ప. తనిష్క్ అబ్రహామ్ విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. అంత చిన్నవాణ్ని క్లాసులోకి రానివ్వడానికి చాలామంది ప్రొఫెసర్లు ఒప్పుకోలేదు. చివరికి ఒకరు, తల్లి కూడా అదే కోర్సులో చేరాలన్న షరతు మీద సరేనన్నారు.

పరిమితులు ఇంకా ఉన్నాయి. స్పెషల్ పార్ట్‌టైమ్ విద్యార్థి సెమిస్టరుకు 11 యూనిట్లకు మించి తీసుకోకూడదు. వేసవి కోర్సులకు ప్రిన్సిపాల్ ఒక్కో తరగతిలో ఐదు శాతం మందికి మించి సిఫారసు చేయకూడదు, కొన్ని మినహాయింపులు తప్ప. రిజిస్ట్రేషన్‌లో వీళ్ల వంతు అందరికంటే చివర. కాలిక్యులస్ క్లాసుకు ఉన్న సీట్లన్నీ రెగ్యులర్ విద్యార్థులతో నిండిపోతే మేధావి అయినా వెయిట్‌లిస్టులో నిలబడాల్సిందే. ఫలానా కోర్సుకు ముందు ఫలానాది పాసై ఉండాలన్న నిబంధన వయసు చూసి సడలదు.

ఇతర రాష్ట్రాల్లో ఇదే ఏర్పాటు వేరే రూపంలో ఉంటుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో రన్నింగ్ స్టార్ట్ పథకం 11, 12 తరగతుల పిల్లలకు కమ్యూనిటీ కాలేజీలో ట్యూషన్ ఫీజు లేకుండా చదువుకునే వీలిస్తుంది. ఫ్లోరిడాలో ప్రభుత్వ స్కూలు పిల్లలకు పుస్తకాలూ ఉచితమే. టెక్సస్‌లో దీన్ని డ్యుయల్ క్రెడిట్ అంటారు. దేశం మొత్తంమీద 2022-23లో దాదాపు 25 లక్షల మంది హైస్కూలు పిల్లలు ఏదో ఒక కాలేజీ కోర్సు చదివారు. ఇప్పుడు కమ్యూనిటీ కాలేజీల్లో ఉన్న ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు హైస్కూలు విద్యార్థే. పేపర్లోకెక్కిన బాలమేధావి ఒకరైతే, వార్తకెక్కకుండా రెండు మూడు కోర్సులు పూర్తిచేసుకుని యూనివర్సిటీకి వెళ్లినవాళ్లు లక్షల్లో ఉన్నారు. ఈ ఏర్పాటు వల్ల అసలు లాభం పొందింది వాళ్లే.

తొందరపడటం మంచిదేనా

పిల్లల్ని వయసుకు మించి ముందుకు తోస్తే వాళ్ల బాల్యం పోతుందన్న భయం ఎక్కడైనా ఉన్నదే. దీనిమీద అర్ధశతాబ్దపు పరిశోధన ఉంది. 1971లో జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో జూలియన్ స్టాన్లీ గణితంలో అసాధారణ ప్రతిభ ఉన్న పిల్లల మీద దీర్ఘకాల అధ్యయనం మొదలుపెట్టాడు. దాని ఫలితాలు, వాటితోపాటు మరెన్నో అధ్యయనాల సారాంశం 2004లో ‘ఎ నేషన్ డిసీవ్డ్’ అన్న నివేదికగా, 2015లో దాని కొనసాగింపుగా వెలువడ్డాయి. తగిన పిల్లల్ని తగిన వేగంతో ముందుకు పంపితే చదువులోనూ, తోటివారితో మెలగడంలోనూ నష్టం కనిపించలేదన్నది వాటి నిర్ధారణ.

అయితే ఈ నిర్ధారణలో ‘తగిన’ అన్న షరతును మన తల్లిదండ్రులు దాటేస్తుంటారు. ఎనిమిదో తరగతి పిల్ల లెక్కల్లో కాలేజీ స్థాయిలో ఉండవచ్చు, వ్యాసం రాయడంలో ఎనిమిదో తరగతిలోనే ఉండవచ్చు. అలాంటి పిల్లకు ఒక లెక్కల కోర్సు ఇస్తే మేలు. బడి మాన్పించి పూర్తిగా కాలేజీలో పడేస్తే కీడు. కమ్యూనిటీ కాలేజీకి ఉన్న గొప్ప సుగుణం ఏమిటంటే అది చదువును విడివిడి కోర్సులుగా అమ్ముతుంది. పిల్లకు ఏది కావాలో అదొక్కటే తీసుకోవచ్చు. ఆ వీలును వదిలేసి డిగ్రీల లెక్క పెంచుకోవడానికి వాడుకుంటే, ఆ డిగ్రీల వల్ల వార్త తప్ప పెద్దగా మిగిలేదేమీ ఉండదు.

చేరేముందు తెలియాల్సిన సంగతులు మరో నాలుగున్నాయి. మొదటిది, కాలేజీ మార్కుల జాబితా శాశ్వతం. పదకొండేళ్లప్పుడు వచ్చిన ఎఫ్ గ్రేడు ఇరవై రెండేళ్లప్పుడు మెడికల్ కాలేజీ దరఖాస్తులో కూడా చూపించాలి. రెండోది, పిల్ల కాలేజీలో చేరిన క్షణం నుంచి విద్యారికార్డుల గోప్యత హక్కు చట్టప్రకారం ఆ పిల్లకే దఖలు పడుతుంది, మైనరైనా సరే. తండ్రి ఫోన్ చేసి మార్కులు చెప్పమంటే ఆఫీసువాళ్లు చెప్పాలని లేదు. మూడోది, హైస్కూలు పూర్తికాకుండా ఎన్ని కాలేజీ యూనిట్లు చేసినా యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ఆ విద్యార్థిని ఫ్రెష్‌మన్‌గానే, అంటే కొత్తగా చేరే విద్యార్థిగానే చూస్తుంది, ట్రాన్స్‌ఫర్ విద్యార్థిగా చూడదు. ట్రాన్స్‌ఫర్ దారి సులువని నమ్మి చిన్నప్పుడే మొదలుపెట్టినవాళ్లు కంగు తినేది ఇక్కడే. నాలుగోది, హైస్కూలు పట్టా గానీ దానికి సమానమైనది గానీ లేనిదే ఫెడరల్ ఆర్థిక సాయం రాదు.

విదేశీ విద్యార్థిని అడిగేదేమిటి

ఇక రెండో దారి. ఇంటర్ పూర్తయిన తెలుగు విద్యార్థి కమ్యూనిటీ కాలేజీకి దరఖాస్తు చేస్తే కాలేజీ చూసేవి నాలుగు: పది, ఇంటర్ మార్కుల జాబితాలు, ఇంగ్లిష్ పరీక్ష స్కోరు, పాస్‌పోర్టు, మొదటి ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బున్నట్టు బ్యాంకు స్టేట్‌మెంటు. టోఫెల్ పాత స్కేలు మీద యూనివర్సిటీలు 80, 90, 100 అడిగేచోట ఇవి 61 దగ్గరే ఆగిపోతాయి, కొన్ని ఇంకా తక్కువకే ఒప్పుకుంటాయి. ఇంటర్‌లో 95 శాతం వచ్చినా 60 శాతం వచ్చినా సీటు విషయంలో తేడా ఉండదు. కాలేజీ సంతృప్తి చెందితే ఐ-20 అనే ప్రవేశపత్రం ఇస్తుంది. దాన్ని పట్టుకుని 350 డాలర్ల సెవిస్ ఫీజు, 185 డాలర్ల వీసా దరఖాస్తు ఫీజు కట్టి హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికన్ కాన్సులేట్‌కు ఇంటర్వ్యూకి వెళ్లాలి.

చట్టం దృష్టిలో ఎఫ్-1 విద్యార్థి వీసాకు కమ్యూనిటీ కాలేజీ అయినా, యూనివర్సిటీ అయినా ఒకటే. కౌంటర్ దగ్గర మాత్రం ప్రశ్న పదును మారుతుంది. ‘ఈ కోర్సు మీ ఊళ్లో దొరకదా? అంత దూరం వెళ్లి రెండేళ్ల డిగ్రీ ఎందుకు?’ అని అధికారి అడిగితే, ‘ఫీజు తక్కువ సార్’ అన్నది నిజమే గానీ చాలని జవాబు. చదువయ్యాక తిరిగి వెళతానని నమ్మించాల్సిన బాధ్యత చట్టప్రకారం విద్యార్థిదే. రెండేళ్ల తర్వాత ఏ యూనివర్సిటీకి, ఏ సబ్జెక్టులో, ఏ ఒప్పందం కింద మారబోతున్నాడో, ఆ తర్వాతి రెండేళ్ల ఖర్చు ఎవరు పెడతారో చెప్పగలిగినవాడి మాటకు బలం ఉంటుంది. అప్లికేషన్ కన్సల్టెన్సీవాళ్లే నింపారు, తనకేమీ తెలియదు అన్నవాడి పని అక్కడితో సరి.

వెళ్లాక కూడా కట్టుబాట్లుంటాయి. సెమిస్టరుకు కనీసం 12 యూనిట్లు చదవాలి. ఆ లెక్కలోకి ఆన్‌లైన్ కోర్సు ఒకటే వస్తుంది. సెమిస్టరు నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు, అనుమతి లేకుండా బయట అసలే కూడదు. స్థానిక విద్యార్థి ఒక సెమిస్టరు మానేసి మళ్లీ రావచ్చు, ఎఫ్-1 విద్యార్థి అలా చేస్తే స్టేటస్ పోతుంది. అందరికీ వెసులుబాటు ఇవ్వడం కోసం పుట్టిన కాలేజీలో వెసులుబాటు లేని విద్యార్థి ఇతనొక్కడే.

రెండు దారులూ కలిసే చోట

ఇప్పుడు అసలు ప్రశ్న. వరంగల్‌లోనో నెల్లూరులోనో ఉన్న పన్నెండేళ్ల బాలమేధావి అక్కడి కమ్యూనిటీ కాలేజీలో చేరగలడా? ఆచరణలో చేరలేడు. విదేశీ విద్యార్థులను చేర్చుకునే కమ్యూనిటీ కాలేజీలు చాలావరకు హైస్కూలు పట్టానో, పద్దెనిమిదేళ్ల వయసో అడుగుతాయి. వాషింగ్టన్ రాష్ట్రంలోని గ్రీన్ రివర్ కాలేజీ లాంటివి కొన్ని పదహారేళ్లు నిండిన విదేశీ విద్యార్థులను చేర్చుకుని, హైస్కూలు పట్టా, అసోసియేట్ డిగ్రీ రెండూ కలిపి పూర్తిచేసే వీలు కల్పిస్తాయి. చైనా, వియత్నాం, ఇండోనేషియా లాంటి దేశాల కుటుంబాలకు ఈ పథకం బాగా తెలుసు. పది పాసైన తెలుగు పిల్లలకు కమ్యూనిటీ కాలేజీలోకి ఉన్న దారి దాదాపు ఇదొక్కటే. పదహారుకు కిందైతే దారి మూసుకున్నట్టే.

చట్టం మాట అటుంచి ఇంటి గురించి ఆలోచిద్దాం. ఎఫ్-1 విద్యార్థి వెంట వెళ్లడానికి ఇచ్చే ఎఫ్-2 వీసా భార్య లేదా భర్తకు, పిల్లలకు మాత్రమే. తల్లిదండ్రులకు అది వర్తించదు. తల్లి విజిటర్ వీసా మీద వెళితే కొన్ని నెలలుండి తిరిగిరావాలి. కమ్యూనిటీ కాలేజీల్లో అధిక భాగానికి హాస్టళ్లు లేవు. మైనరుకు స్థానిక సంరక్షకుణ్ని చూపించాలి, ఏదో కుటుంబంలో డబ్బిచ్చి ఉంచాలి. కాలిఫోర్నియా బాలమేధావుల కథల్లో సాధారణంగా ఒక తల్లో తండ్రో రోజూ కారులో దింపి, క్లాసయ్యేదాకా లైబ్రరీలో కాచుకుని, తిరిగి ఇంటికి తీసుకెళ్లే ఏర్పాటు ఉంటుంది. ఆ ఏర్పాటును వీసా మీద పంపించలేం.

మధ్యలో ఉన్న తెలుగు పిల్లలు

అమెరికాలోనే ఉన్న తెలుగు కుటుంబాల సంగతి వేరు. బే ఏరియాలో డి ఆంజా, ఫుట్‌హిల్, ఓలోని కాలేజీలు, డాలస్ శివార్లలో కాలిన్ కాలేజీ, సియాటిల్ పక్కన బెల్‌వ్యూ కాలేజీ, న్యూజెర్సీ ఎడిసన్‌లో మిడిల్‌సెక్స్ కాలేజీ మనవాళ్లు గుమిగూడిన ఊళ్లలోనే ఉన్నాయి. పిల్లలు అక్కడ పుట్టినవాళ్లయితే పైన చెప్పిన స్కూలు పిల్లల పథకాలన్నీ వాళ్లవే. తల్లిదండ్రుల హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఆధారపడి హెచ్-4లో ఉన్న పిల్లలకు కూడా చదువుకు అడ్డు లేదు. కాలిఫోర్నియా, టెక్సస్ లాంటి రాష్ట్రాల్లో నిబంధనలు నెరవేరితే స్థానికుల ఫీజే వర్తిస్తుంది. ఫెడరల్ ఆర్థిక సాయం మాత్రం ఉండదు.

హెచ్-4 పిల్లల విషయంలో తొందరగా చదవడానికి వయసుతో ముడిపడిన కారణం ఒకటుంది. ఇరవై ఒకటో ఏడు నిండితే హెచ్-4 పోతుంది. గ్రీన్‌కార్డు క్యూ ఏళ్ల తరబడి సాగుతున్న భారతీయ కుటుంబాల్లో, ఆ దేశంలోనే పెరిగిన పిల్ల ఒక్క పుట్టినరోజుతో విదేశీ విద్యార్థిగా మారిపోవచ్చు. ఎఫ్-1కి మారితే చాలాచోట్ల ఫీజు కూడా మారిపోతుంది. హైస్కూల్లో ఉండగానే ముప్పై నలభై యూనిట్లు పూర్తిచేసుకుంటే స్థానిక ఫీజు ఉన్న రోజుల్లోనే డిగ్రీలో ఎక్కువ భాగం గట్టెక్కుతుంది. ఇంకో మెలిక కూడా ఉంది. హెచ్-4 పిల్లలకు పనిచేసే హక్కు లేదు. చదువయ్యాక ఓపీటీ, అంటే చదివిన రంగంలో కొంతకాలం పనిచేసే అనుమతి, కావాలంటే డిగ్రీ పూర్తికాకముందే ఎఫ్-1కి మారాలి. అందుకని ఎప్పుడు ముగించాలన్న లెక్క కూడా ముందే వేసుకోవాలి. ఈ కుటుంబాల్లో కాలేజీ కౌన్సెలరు ఒక్కరి సలహా సరిపోదు, ఇమ్మిగ్రేషన్ లాయరు సలహా కూడా అవసరం.

డబ్బు, బదిలీ

కాలిఫోర్నియా నివాసికి కమ్యూనిటీ కాలేజీలో యూనిట్‌కు 46 డాలర్లు. అరవై యూనిట్ల అసోసియేట్ డిగ్రీకి మొత్తం 2,760 డాలర్లు. విదేశీ విద్యార్థికి నాన్‌రెసిడెంట్ ట్యూషన్ తోడై యూనిట్‌కు సాధారణంగా 350 నుంచి 450 డాలర్లదాకా అవుతుంది. ఏడాదికి 30 యూనిట్లనుకుంటే పన్నెండు వేల డాలర్ల చుట్టుపక్కల. తిండి, అద్దె, హెల్త్ ఇన్సూరెన్స్ దీనికి అదనం, బే ఏరియాలో అద్దే ఫీజును మించిపోతుంది. అక్కడి నుంచి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు మారితే నాన్‌రెసిడెంట్ విద్యార్థికి మొత్తం ఫీజులే ఏడాదికి యాభై వేల డాలర్లు దాటతాయి. అంటే నాలుగేళ్లూ యూనివర్సిటీలోనే చదివితే ఫీజులకు రెండు లక్షల డాలర్లు అయ్యేచోట, ఈ దారిలో సుమారు లక్షా పాతిక వేలు అవుతుంది. ఆదా పెద్దదే. కానీ ఆ లక్షా పాతిక వేలలో లక్ష చివరి రెండేళ్లదే. మొదటి రెండేళ్ల డబ్బు మాత్రమే చేతిలో ఉన్న కుటుంబం నడిమధ్యలో చిక్కుకుంటుంది.

బదిలీ హామీ నిజమైనదే, పరిమితమైనది కూడా. కాలిఫోర్నియాలో ‘టాగ్’ అనే హామీ పథకం ఉంది. నిర్ణీత కోర్సులు, నిర్ణీత గ్రేడ్లు ఉంటే డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపసుల్లో ఒకదానికి ముందే హామీ తెచ్చుకోవచ్చు. విదేశీ విద్యార్థులకు కూడా ఇది ఉంది. దరఖాస్తు సెప్టెంబరు నెలలోనే చేయాలి. అందరూ కలలుగనే బర్క్‌లీ, లాస్ ఏంజెలిస్, శాన్ డియేగో ఇందులో లేవు. హామీ ఉన్న చోట కూడా కంప్యూటర్ సైన్స్ లాంటి గిరాకీ ఉన్న సబ్జెక్టులకు మినహాయింపులుంటాయి.

హామీ పథకాలు ఇలా ఉంటే, గమ్యం చేరినవాళ్లెందరు? కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీకి చెందిన కమ్యూనిటీ కాలేజీ పరిశోధన కేంద్రం లెక్కల ప్రకారం, ఈ కాలేజీల్లో చేరేవాళ్లలో దాదాపు ఎనభై శాతం మంది నాలుగేళ్ల డిగ్రీ కావాలనే అంటారు. ఆరేళ్లలో దాన్ని అందుకునేది 16 శాతమే. ఈ 16 శాతంలో కుటుంబ భారం, ఉద్యోగాల మధ్య నలిగిపోయే స్థానికుల కష్టం కలిసి ఉందన్నది నిజం. పూర్తికాలం చదివే విద్యార్థి పరిస్థితి ఇంతకంటే నయంగా ఉండొచ్చు. అయినా ‘రెండేళ్లు ఇక్కడ, రెండేళ్లు అక్కడ’ అన్నది దానంతటదే నడిచే బండి కాదని ఆ అంకె చెబుతుంది. మొదటి సెమిస్టరులోనే ఏ కోర్సు ఏ యూనివర్సిటీలో చెల్లుతుందో చూసుకోనివాళ్లు రెండేళ్ల చదువును మూడేళ్లు చేసుకుంటారు.

ఉద్యోగం ఆశ గురించి కూడా సూటిగా చెప్పుకోవాలి. అసోసియేట్ డిగ్రీకి ఓపీటీ పన్నెండు నెలలే. సైన్స్, టెక్నాలజీ సబ్జెక్టులకు ఇచ్చే రెండేళ్ల స్టెమ్ పొడిగింపు బ్యాచిలర్స్, ఆ పైవాటికే. రెండేళ్ల డిగ్రీతో వెనక్కి వస్తే మన దగ్గర అది డిగ్రీకి సమానం కాదు. 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం విద్యార్థి వీసా మీద ఉండే కాలాన్ని నాలుగేళ్లకు పరిమితం చేయాలని, మొదటి ఏడాది కాలేజీ మారడంపై ఆంక్షలు పెట్టాలని ప్రతిపాదించింది. ఒక కాలేజీలో మొదలై ఇంకోచోట ముగిసే చదువు ఎంచుకునేవాళ్లు ఇలాంటి మార్పుల మీద ఓ కన్నేసి ఉంచాలి.

మన విద్యార్థులు ఈ దారిలో తక్కువగానే ఉన్నారు. 2023-24లో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులుంటే, అండర్‌గ్రాడ్యుయేట్లు సుమారు 36 వేలు. మిగతావాళ్లలో అత్యధికులు మాస్టర్స్ చదివేవాళ్లు, ఓపీటీలో ఉన్నవాళ్లు. ఈ దారిలో వెళ్లొచ్చిన అన్నలూ అక్కలూ తక్కువ కావడంతో, మాస్టర్స్‌కు వెళ్లేవాళ్లకు సీనియర్ల నుంచి దొరికే సలహా వీళ్లకు దొరకదు. ఆ ఖాళీని కన్సల్టెన్సీలు నింపుతున్నాయి. తెలుగువాళ్లు మర్చిపోకూడని పాఠాలు రెండున్నాయి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో వీసా మోసాలు బయటపడి ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు మన పిల్లల కాళ్లకు ట్రాకింగ్ పట్టీలు తగిలించారు. 2019లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అన్నది అధికారులే పన్నిన వల అని బయటపడింది. ఐ-20 ఇచ్చే అధికారం ఉండటం వేరు, అక్రిడిటేషన్ ఉండటం వేరు. ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీల్లో ఆ బెడద దాదాపు లేదు. అయినా పేరు విన్న ప్రతి కాలేజీ ప్రభుత్వానిదే అనుకోకూడదు.

ఇంతకూ ఎవరికి మేలు

మన దగ్గర బాలమేధావికి తలుపులు ఎక్కువ లేవన్నది ఒప్పుకోవాల్సిన నిజం. హైదరాబాద్‌కు చెందిన అగస్త్య జైస్వాల్ తొమ్మిదేళ్లకు పదో తరగతి, పద్నాలుగేళ్లకు ఉస్మానియా డిగ్రీ పూర్తిచేశాడంటే అది ప్రత్యేక అనుమతుల పుణ్యం. నీట్‌కు పదిహేడేళ్లు నిండాలి. ప్రతిభావంతులకు స్కాలర్‌షిప్పులిచ్చే పథకాల్లో కేవీపీవై 2022లో ఇన్‌స్పైర్‌లో కలిసిపోయింది, ఎన్‌టీఎస్‌ఈ 2021 నుంచి ఆగిపోయింది. లెక్కల్లో ముందున్న తొమ్మిదో తరగతి పిల్లను దగ్గరలోని డిగ్రీ కాలేజీలో ఒక్క కోర్సుకు కూర్చోబెట్టే పద్ధతి మనకు లేదు. కాలిఫోర్నియా నుంచి నేర్చుకోవాల్సింది ఏదైనా ఉంటే అదే. క్రెడిట్లు దాచుకునే అకడమిక్ బ్యాంకును జాతీయ విద్యావిధానం ఇప్పటికే తెచ్చింది. స్కూలు పిల్లలు కూడా కాలేజీ కోర్సు చదివి అందులో క్రెడిట్లు వేసుకునే వీలిస్తే, ఊళ్లో ఉన్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీయే ఆ పని చేయగలదు.

తేలిన మాట ఇది. అమెరికాలో ఉంటున్న చురుకైన తెలుగు పిల్లకు కమ్యూనిటీ కాలేజీ మంచి సాధనం, ఒక్కో కోర్సుగా వాడుకుంటే. ఇక్కడున్న పదహారేళ్ల లోపు పిల్లకు అది దారి కాదు, ఎవరైనా అవునంటే ఆ మాట రాతపూర్వకంగా ఇమ్మనండి. ఇంటర్ పూర్తయిన విద్యార్థికి అది దారే, మూడు షరతుల మీద: నాలుగేళ్ల డబ్బుకు లెక్క ఉండాలి, బదిలీ ఒప్పందం ఉన్న రాష్ట్రమై ఉండాలి, కోర్సుల పట్టిక విద్యార్థి తనంతట తాను చదివి ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా, ఆ డబ్బుతో ఇక్కడే మంచి కాలేజీలో డిగ్రీ చదివించి మాస్టర్స్‌కు పంపడమే మేలు.